లేదన్న జ్ఞాపకం

ఉన్నదాన్ని నీలం సిరాతో, లేనిదాన్ని ఎర్ర సిరాతో రాయడం రిజిస్టరమ్మ అలవాటు. ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఇరవై రెండేళ్ళుగా ఆవిడ బల్లమీద ఆ రెండు కలాలూ పక్కపక్కనే ఉంటున్నాయి. సర్వర్ ఆగినా, వైరు తెగినా, ఎవరైనా పాస్‌వర్డ్ మరిచిపోయినా, గంటా నిమిషాలతో సహా రిజిస్టరులో ఎక్కించనిదే ఆవిడ కుర్చీలోంచి లేవదు. ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు అందరి నోటా నలిగి, ఎగతాళి కాస్తా ఇగిరిపోయి, చివరికి గౌరవంగానే మిగిలింది.

సోమవారం నాటి పేజీలో నాలుగు పంక్తులున్నాయి.

మొదటిది: "11.05. రెండో వార్డునుంచి ఫోను. దర్జీ పొటాషియం రిపోర్టు రాలేదని." రెండోది: "11.20. వార్డు కంప్యూటర్‌లోంచి స్వయంగా చూశాను. ఫైలు లేదు." ఇది ఎర్రది. మూడోది: "11.50. పెద్ద సిస్టర్ కోరికమీద వార్డు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను." నాలుగోది: "11.52. ఫైలు ఉంది."

రెండో పంక్తికీ మూడో పంక్తికీ మధ్య, పదకొండు ముప్పై అయిదుకు, రెండో వార్డులో దర్జీ గుండె ఆగిపోయింది. అది రిజిస్టరులో లేదు. రోగుల సంగతి కంప్యూటర్ గది పరిధిలోకి రాదు.

దర్జీకి అరవై ఏళ్ళుంటాయి. మూత్రపిండాలు మొరాయించి చేరాడు. అలాంటివాళ్ళకు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఎంత పెరిగిందో తెలిస్తే దింపే మందుంది. ఆ అంకె కోసం వార్డు డాక్టరు గంటసేపు ఎదురుచూశాడు. ఎదురుచూస్తుండగానే గుండె ఆగింది. నాలుగు నిమిషాల్లో మళ్ళీ కొట్టుకునేలా చేశారు. మనిషి దక్కాడు. కాని కళ్ళు తెరిచాక ఎవరినీ పోల్చుకోలేదు.

ఆ ఆసుపత్రిలో రిపోర్టు వార్డుకు చేరే పద్ధతి ఇది. పరీక్ష యంత్రం ఫలితాన్ని ఒక ఫైలుగా రాసి, సర్వర్‌లోని ల్యాబు డైరెక్టరీలో ఒక నంబరు కింద పెడుతుంది. డైరెక్టరీ అంటే పేర్ల పట్టిక, అంతే. పేరు పట్టికలో ఉంటుంది, సరుకు డిస్కులో మరెక్కడో ఉంటుంది. టెక్నీషియన్ ఫలితాన్ని సరిచూసి మీట నొక్కగానే అదే ఫైలుకు రోగి డైరెక్టరీలో రెండో పేరు పడుతుంది. నకలు తీయడం ఉండదు. ఫైలు ఒక్కటే, పేర్లు రెండు. ఆ రెండో పేరు పడేదాకా వార్డుకు రిపోర్టు లేనట్టే.

అందుకని తేలవలసిన ప్రశ్న ఒక్కటే. టెక్నీషియన్ మీట తాను చెబుతున్నట్టు పది నలభై రెండుకు నొక్కిందా, లేక గుండె ఆగిన గగ్గోలులో, పదకొండు ఇరవై దాటాక నొక్కిందా? ల్యాబు ప్రోగ్రాము తాను చేసిన పని ఎక్కడా రాసుకోదు. రాసుకునేలా మార్పించమని రిజిస్టరమ్మ రెండుసార్లు పెట్టిన అర్జీలు ఏ అరలోనో ఉన్నాయి. ఫైలుమీద ఉన్న సమయం యంత్రం ఫలితం రాసినప్పటిది. పేరు చేర్చినంత మాత్రాన అది మారదు. పేరు చేర్చినప్పుడు మారే సమయం మరొకటుంది గాని, ప్రతి మధ్యాహ్నం రెండు గంటలకు పాతవి భద్రపరిచే ప్రోగ్రాము వచ్చి ఫైళ్ళన్నింటికీ మూడో పేరు తగిలించి పోతుంది. దాంతో ఆ ఆనవాలూ చెరిగిపోయింది. రోగి డైరెక్టరీమీద ఉన్న సమయమూ ఆ మధ్యాహ్నం మరిన్ని రిపోర్టులు వచ్చి చేరేసరికి మారిపోయింది.

ఇక మిగిలిన సాక్ష్యం ఎర్ర పంక్తి ఒక్కటే.

టెక్నీషియన్‌కు ముప్పై ఏళ్ళు. సూది గుచ్చినట్టే తెలియదని రోగులు ఆమెను తేలికచెయ్యి అంటారు. "తేలికచెయ్యి లేదా ఇవాళ?" అని అడిగి, లేకపోతే రేపు వస్తామని వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు. సోమవారం మధ్యాహ్నానికి ఆమె గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. రిపోర్టు ఆలస్యం కావడం మూడు వారాల్లో ఇది అయిదోసారి. గురువారం ఉదయం విచారణ. ఉద్యోగం పోతుందనడంలో ఎవరికీ అనుమానం లేదు. ఇటువంటి కారణంతో పోతే ఇంకే ల్యాబులోనూ సూది పట్టనివ్వరనడంలోనూ లేదు.

మంగళవారం పదిన్నరకు తేలికచెయ్యి కంప్యూటర్ గది గుమ్మంలో నిలబడింది. సందర్శకులకిచ్చే పచ్చ చీటీ మెడలో వేలాడుతోంది. ఆరేళ్ళు పనిచేసిన చోటికి చీటీ రాయించుకుని రావలసివచ్చినందుకు ఆమె ముఖంలో కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. రిజిస్టరమ్మ కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు. మాట్లాడుతున్నంతసేపూ కుడిచేతి బొటనవేలితో తన ఎడమ మోచేతి మడతను నొక్కిపట్టుకుంది. రక్తం తీశాక దూదిమీద వేలుపెట్టి ఆపడం అలవాటైన చెయ్యి అది.

దర్జీ రక్తకణాల రిపోర్టు హీమోగ్రాము, పొటాషియం రెండింటికీ టిక్కు పెట్టి ఒక్కసారే మీట నొక్కానని చెప్పింది. తన తెరమీద రెండూ వార్డుకు చేరినట్టే కనిపించాయి. వార్డునుంచి రెండుసార్లు ఫోను వస్తే రెండుసార్లూ పంపానని చెప్పింది. ఒకసారి పొరపాటు జరిగినప్పటినుంచి ఫోనులో అంకెలు చెప్పకూడదని ఆజ్ఞ ఉంది గనక అంకె చెప్పలేదు. "ఆజ్ఞ పాటించకపోయి ఉంటే ఆ పెద్దాయన బాగుండేవాడు మేడమ్. నాకు నిద్రపట్టనిది దానికే. మిగతాది కాదు."

"హీమోగ్రాము వార్డులో కనబడిందమ్మాయ్. పొటాషియం కనబడలేదు. రెండో టిక్కు మరిచావేమో."

"మరవలేదు. ఒకే మీటకు రెండూ వెళ్ళాలి కదా. ఒకటి వెళ్ళి ఇంకొకటి ఎలా ఆగుతుంది?"

"నేను చూశాను. లేదు."

"ఇంకొక్కసారి చూడండి మేడమ్."

"జరిగిపోయినదాన్ని ఇంకోసారి ఎలా చూడను?" అంది రిజిస్టరమ్మ. గొంతులో కాఠిన్యం లేదు, ఉన్నదల్లా అనుభవం. ఫిర్యాదు ఎక్కడినుంచి వస్తే అక్కడికే వెళ్ళి చూడాలన్నది ఆవిడ తన కింద పనిచేసిన వాళ్ళందరికీ మొదటిరోజే నేర్పిన సూత్రం. వార్డువాళ్ళు లేదంటే, తన బల్ల దగ్గరనుంచే వార్డు కంప్యూటర్‌లోకి దిగి వాళ్ళ కళ్ళతోనే చూసింది. ఫైలు పేరు అక్షరం అక్షరం కొట్టి అడిగింది. అలాంటి ఫైలు లేదని జవాబు వచ్చింది.

తేలికచెయ్యి బల్లమీద తెరిచి ఉన్న పేజీని తలకిందులుగానే చదివింది. "నా వంతుకు ఎర్ర సిరాయే మిగిలింది" అని చిన్నగా నవ్వి, పచ్చ చీటీ సర్దుకుని వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్న రిజిస్టరమ్మ వంటింట్లో నిలబడి డబ్బా మూత బిగిస్తోంది. ఎనభై రెండేళ్ళ అత్తగారు ముందుగదిలోంచి కేకేసింది.

"కిటికీ దగ్గర నా కళ్ళజోడు ఉందేమో చూడమ్మా."

"లేదత్తయ్యా."

"మా అబ్బాయి అక్కడే పెట్టానంటున్నాడు."

"నేను చూశాను, లేదు."

ముప్పై ఏళ్ళు బడిపిల్లలను ఆడించిన గొంతు మళ్ళీ లేచింది. "చూసి చెబుతున్నావా, గుర్తుండి చెబుతున్నావా?"

రిజిస్టరమ్మ తల తిప్పింది. కిటికీ చట్టంమీద కళ్ళజోడు తన రెండు కాళ్ళూ ముడుచుకుని కూర్చుని ఉంది.

"పాలు కాచేటప్పుడు చూశానత్తయ్యా. అప్పుడు లేదు."

"నువ్వు పాలు కాచేసరికి లేనిది సాయంత్రందాకా లేనట్టేనా? మీ ఆసుపత్రిలో జనం ఎట్లా బతికి బయటపడుతున్నారో." అత్తగారు తన హాస్యానికి తానే నవ్వుకుంది. ఇంకెప్పుడైనా అయితే కోడలు కూడా నవ్వేది. ఇవాళ కళ్ళజోడు తెచ్చి చేతిలో పెట్టి, డబ్బా బల్లమీదే మరిచి, బస్సెక్కింది.

కిటికీ పక్క సీటు దొరికినా ఆవిడ బయటికి చూడలేదు. తనకు కొట్టినపిండి అయిన విషయమొకటి ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది. కంప్యూటర్‌లో అన్నిటికీ అడుగున ఉండి నడిపించే కెర్నెల్, ఎవరైనా ఒక ఫైలు పేరు అడిగితే డైరెక్టరీలో వెతుకుతుంది. ప్రతిసారీ డిస్కుదాకా వెళ్ళి రావడం ఆలస్యం గనక, దొరికిన పేర్లను తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. దొరకని పేర్లనూ దాచుకుంటుంది. "ఈ పేరు అడిగారు, చూశాను, లేదు" అని ఒక గుర్తు. మళ్ళీ అడిగితే వెళ్ళకుండానే లేదని చెప్పడానికి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఆవిడ కొంచెం గర్వంగానే చెప్పేది. ఉన్నదాన్ని ఎవరైనా గుర్తుంచుకుంటారు, లేనిదాన్ని గుర్తుంచుకోవడం తెలివి అనేది.

ఆ గుర్తు తప్పుడుది కాకుండా ఒక కాపలా ఉంది. డైరెక్టరీలో ఏ పేరు చేరినా, తీసినా, ఆ డైరెక్టరీమీద సమయం మారుతుంది. వార్డు కంప్యూటర్ తన గుర్తును నమ్మేముందు సర్వర్‌ను ఆ సమయం అడుగుతుంది. మారిందంటే మళ్ళీ వెతుకుతుంది. మారలేదంటే పట్టిక మారనట్టే.

అయితే తమ సర్వర్‌లోది పాతకాలపు డిస్కు. సమయాన్ని సెకన్లదాకా రాస్తుంది గాని, సెకనులో భాగాలు దానికి లేవు.

బస్సు తన స్టాపు దాటి పోయిందని ఆవిడకు రెండు స్టాపుల తరువాత తెలిసింది.

గదికి చేరగానే రిజిస్టరు వెనక్కి తిప్పింది. తేలికచెయ్యిమీద వచ్చిన ఫిర్యాదులు అయిదు, అయిదూ ఎర్రవే. వాటిలో నాలుగింటి కింద, గంటకో రెండు గంటలకో, "వచ్చింది" అని నీలం పంక్తి ఉంది. ఆ నాలుగుసార్లూ అదే రోగికి మరో రిపోర్టు వచ్చాకే మొదటిదీ కనబడింది. అప్పుడు ఆవిడ దాన్ని గమనించలేదు. అయిదింటిలో తొలిది మూడు వారాల కిందటిది. అంతకుముందు పేజీలు తిప్పింది. నెల, రెండు నెలలు, ఏడాది, రెండేళ్ళు. ఇలాంటి ఎర్ర పంక్తి ఒక్కటి లేదు.

మళ్ళీ ముందుకు వచ్చింది. తొలి ఎర్ర పంక్తికి సరిగ్గా ఒక రోజు ముందు, తన చేతిరాతతో, తన నీలం సిరాతో ఉంది: "పెద్ద సిస్టర్ కోరికమీద, వార్డు కంప్యూటర్ రిపోర్టుల కోసం అడిగే వ్యవధిని అరవై సెకన్లనుంచి ఒక సెకనుకు తగ్గించాను. అందరూ సంతోషించారు."

చివరి రెండు మాటలు ఎందుకు రాసిందో ఆవిడకు గుర్తుంది. ఆ రోజు వార్డులో నర్సులు నిజంగానే చప్పట్లు కొట్టారు.

ఆవిడ తలుపు మూసింది. లేని రోగి పేరుతో సర్వర్‌లో ఒక డైరెక్టరీ తెరిచింది. ఎడమవైపు తెరమీద సర్వర్, కుడివైపు తెరమీద వార్డు కంప్యూటర్. రెండు ఉత్తుత్తి ఫైళ్ళకు ఒకదాని వెంట ఒకటిగా ఆ డైరెక్టరీలో పేర్లు తగిలించే చిన్న ప్రోగ్రాము రాసింది. ల్యాబు మీట చేసే పని అదే. కుడివైపు కంప్యూటర్ సెకనుకొకసారి అడుగుతూనే ఉంది. మొదటిసారి రెండూ కనబడ్డాయి. చెరిపేసి మళ్ళీ చేసింది, కనబడ్డాయి. పదిసార్లు, ఇరవైసార్లు. లెక్కకు కాగితంమీద గీతలు గీస్తోంది. ముప్పై ఏడో గీత దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఎడమ తెరమీద రెండు పేర్లున్నాయి. కుడి తెరమీద ఒక్కటే ఉంది.

రెండో పేరును కుడివైపు అక్షరం అక్షరం కొట్టి అడిగింది. సోమవారం వచ్చిన జవాబే వచ్చింది. నిమిషం ఆగి అడిగింది. అయిదు నిమిషాలాగి అడిగింది. లేదు, లేదు. మొదటి పేరు పడ్డాక, రెండోది పడకముందు, ఆ కనురెప్పపాటులో వార్డు కంప్యూటర్ వచ్చి అడిగింది. లేదని తెలుసుకుని గుర్తు పెట్టుకుంది. రెండో పేరు అదే సెకనులో పడింది గనక డైరెక్టరీ సమయం మారినట్టు కనబడలేదు. ఇక ఎన్నిసార్లు అడిగినా అది చూసి చెప్పడంలేదు, గుర్తుండి చెబుతోంది. నిమిషానికొకసారి అడిగే రోజుల్లో ఆ సందులో పడడానికి ఏళ్ళు పట్టేది. సెకనుకొకసారి అడిగితే రోజులే పట్టింది.

ఆవిడ డైరెక్టరీలో మూడో పేరొకటి, ఖాళీ ఫైలుకు, తగిలించింది. సమయం మారింది. కుడి తెరమీద రెండోదీ ఠక్కున ప్రత్యక్షమైంది, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు. నిజానికి అక్కడే ఉంది. సోమవారం వార్డు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టగానే ఆ గుర్తు చెరిగి ఫైలు కనబడిందీ ఇందుకే.

రిజిస్టరమ్మ కలం కింద పెట్టింది. తాను ఎడమవైపు చూసి ఉంటే చాలు. సోమవారం పదకొండు ఇరవైకి, కుర్చీలోంచి లేవకుండా, మెడ ఒక జానెడు ఎడమకు తిప్పి సర్వర్‌ను అడిగి ఉంటే ఫైలు కనబడేది. గుండె ఆగడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది. ల్యాబు సరిగ్గా పనిచేసింది. కెర్నెల్ కూడా తనకు చెప్పినట్టే నడుచుకుంది. వ్యవధి తగ్గించినది తాను. లేదని తేల్చి సంతకం పెట్టినది తాను.

సాయంత్రం నాలుగింటికి ఆవిడ కాళ్ళు రెండో వార్డువైపు నడిచాయి. ఎందుకు వెళుతోందో ఆవిడకే తెలియదు. వార్డు బయట బల్లమీద దర్జీ భార్య కూర్చుని, ఒడిలో చిక్కుపడ్డ దారపు ఉండను విప్పి మళ్ళీ చుడుతోంది. తలుపు అద్దంలోంచి మంచంమీద దర్జీ కనబడుతున్నాడు. ఎడమచేతి రెండు వేళ్ళు గాలిలో ఏదో పట్టుకుని ఉన్నాయి. కుడిచేతి రెండు వేళ్ళు దాని దగ్గరికి వెళ్ళి ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళుతున్నాయి.

"సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు" అంది భార్య. "నన్ను గుర్తుపట్టడం లేదు గాని సూది గుర్తుంది మహానుభావుడికి. నలభై ఏళ్ళు కాపురం చేసి సవతిని ఇప్పుడు చూస్తున్నా." ఆ మాటకు ఆమె నవ్వలేదు. రిజిస్టరమ్మ మెడలోని కార్డు చూసింది. "కంప్యూటరమ్మ మీరేనా? మీరు చూసి రాయబట్టే ఆ అమ్మాయి దొరికిందట కదా. మీ మేలు మరవనమ్మా."

రిజిస్టరమ్మ రెండు చేతులూ జోడించబోయి, అది ఏమని అర్థమవుతుందో తెలియక దించేసింది. మెట్లు దిగుతుంటే కాళ్ళకింద మెట్టు ఉందో లేదో చూసుకుని మరీ అడుగు వేయవలసివచ్చింది.

గురువారం పదకొండు గంటలకు విచారణ సూపరింటెండెంటుగారి గదిలో మొదలైంది. ఆయన పక్కన పెద్ద సిస్టర్, ఎదురుగా తేలికచెయ్యి. కాగితం ముందే టైపు చేసి ఉంది. రిజిస్టరులోని పంక్తి చదివి, అవునని చెప్పి, సంతకం పెట్టి వెళ్ళడం వరకే రిజిస్టరమ్మ పని. ఆవిడ రెండు ల్యాప్‌టాపులు మోసుకువచ్చి బల్లమీద పక్కపక్కన పెట్టింది. ఒకటి సర్వర్‌కు, రెండోది వార్డు కంప్యూటర్‌కు కలిపి ఉన్నాయి.

ఆవిడ ఏమీ ఉపోద్ఘాతం చెప్పలేదు. రెండు పేర్లు తగిలించి చూపించింది. కనబడ్డాయి. మళ్ళీ చూపించింది. సూపరింటెండెంటుగారు మొదటి పదిసార్లూ మర్యాదకు చూశారు, తరువాత పదిసార్లూ గడియారం చూశారు. ముప్పైకి దగ్గర పడుతుండగా పెద్ద సిస్టర్ ముందుకు వంగింది. నలభై రెండోసారి ఒక తెరమీద రెండు, ఒక తెరమీద ఒకటి కనబడ్డాయి. రిజిస్టరమ్మ చేతులు ఒడిలో పెట్టుకుని, అవతలివాళ్ళే మీటలు నొక్కి అడగమంది. పెద్ద సిస్టర్ ఆరుసార్లు అడిగింది. ఆరోసారి జవాబు వచ్చాక ఆమె ముఖం పాలిపోయింది. ఆమె వార్డు అది. సోమవారం ఆ జవాబు నమ్మి కూర్చున్నది ఆమె.

తరువాత రిజిస్టరమ్మ నీలం పంక్తి చూపించింది. అయిదు ఎర్ర పంక్తులూ చూపించింది. ఏ కారణం ఏ ఫలితానికి దారితీసిందో, తేదీల వరుసలో, ఎవరినీ వెనకేసుకురాకుండా చెప్పింది. ముఖ్యంగా తనను.

సూపరింటెండెంటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు. "అయితే ఇది సాంకేతిక లోపమన్నమాట."

"కాదండీ. నేను చేసిన మార్పు. పరీక్షించి చూడకుండా చేశాను."

"మీరు కావాలని చేశారా మేడమ్? వార్డువాళ్ళు అడిగారు, మీరు చేశారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. మీరు మనసు కష్టపెట్టుకోకండి." ఆయన కలం తీసి పాత కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, కింద రాయసాగారు. యంత్రంలోని లోపంవల్ల, అంటూ రాస్తున్నది పైకి చదువుతున్నారు. ఆయన గొంతులో నిజమైన దయ ఉంది.

తేలికచెయ్యి బొటనవేలు మోచేతి మడతమీదే ఉంది.

"ఒక్క మాట సార్. సోమవారం ఇది నా పని అనుకున్నప్పుడు నిర్లక్ష్యమన్నారు. ఇవాళ మేడమ్ పని అని తేలాక లోపమంటున్నారు. ఆ పెద్దాయనకు జరిగింది మాత్రం ఒకటే కదా."

సూపరింటెండెంటుగారి కలం ఆగింది. ఆయన పెద్ద సిస్టర్‌వైపు చూశారు. పెద్ద సిస్టర్ తన చేతులవైపు చూసుకుంటోంది. రిజిస్టరమ్మ చెయ్యి చాచి ఆ కాగితం తీసుకుంది. యంత్రంలోని లోపంవల్ల అన్న మాటలు కొట్టేసి, తన హోదా, తాను చేసిన మార్పు, దాని తేదీ, పదకొండు ఇరవైకి తాను చూడనిది ఏమిటో రాసి సంతకం చేసి, ఆయన ముందుకు జరిపింది. ఆయన దానిమీద ఇంకా సంతకం చేయలేదు. మూడు రోజులు వ్యవధి కావాలన్నారు. తేలికచెయ్యి కార్డు మాత్రం సొరుగులోంచి తీసి ఇచ్చేశారు.

నడవాలో రిజిస్టరమ్మ క్షమించమని అడిగింది. తేలికచెయ్యి కార్డు మెడలో వేసుకుని, తాడు చిక్కు తీసుకుంటూ, తలెత్తకుండానే జవాబిచ్చింది. "మంగళవారం వచ్చి ఒక్కసారి చూడమన్నాను మేడమ్. ఎక్కడ చూడాలో నాకు తెలియదు. తెలిసింది మీ ఒక్కరికే." అని ల్యాబువైపు వెళ్ళిపోయింది. అప్పటికే అక్కడ ఇద్దరు ముసలివాళ్ళు చొక్కాచేతులు పైకి మడిచి కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నమే రిజిస్టరమ్మ వార్డు కంప్యూటర్లన్నిటి అమరిక మార్చింది. అడిగే వ్యవధి మళ్ళీ అరవై సెకన్లు. ఉన్న పేర్లను గుర్తుంచుకోవచ్చు. లేని పేరు కోసం మాత్రం ప్రతిసారీ వెళ్ళి చూసి రావాలి. ఆ ఆదేశం ఒక్క పంక్తి. ఆ పంక్తి ఉందని ఆవిడకు పన్నెండేళ్ళుగా తెలుసు. వేగం తగ్గుతుందని ఎప్పుడూ పెట్టలేదు. ఈసారి మార్చాక పరీక్షించింది. అయిదువందల గీతలు గీసింది.

శుక్రవారం పదిగంటలకు ఆవిడ రెండో వార్డుకు వెళ్ళింది. దర్జీ భార్య అదే బల్లమీద ఉంది. దారపు ఉండ మొన్నటికంటే గుండ్రంగా తయారైంది. రిజిస్టరమ్మ పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడింది. ఆ అమ్మాయి సమయానికే పెట్టిందని చెప్పింది. రిపోర్టు అక్కడే ఉందనీ, చూడకుండా లేదని రాసింది తాననీ చెప్పింది. మెత్తబరిచే మాటలు కొన్ని రాత్రంతా కూడబెట్టుకుంది గాని, తీరా నోరు తెరిస్తే అవేవీ ఈ రెండు వాక్యాల పక్కన నిలబడేవి కావని తోచి వదిలేసింది.

దర్జీ భార్య దారం చుట్టడం ఆపలేదు. చుట్టు తరువాత చుట్టు వేస్తూనే ఉంది. ఉండ చేతిలో అరవై డెబ్బై సార్లు తిరిగి ఉంటుంది. లోపల మంచంమీద వేళ్ళు దగ్గరికి వెళ్ళి వెనక్కి వస్తున్నాయి. రిజిస్టరమ్మ తిట్టుకోసం, శాపంకోసం ఎదురుచూసింది. అవి రాకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

చాలాసేపటికి ఆమె తలెత్తింది. "పొద్దున్న ఆయన దగ్గర రక్తం తీసుకెళ్ళారు. ఆ పొటాషియమే. వచ్చిందా?"

రిజిస్టరమ్మ వస్తూ వస్తూ వార్డు కంప్యూటర్ తెర చూసే వచ్చింది. పది నిమిషాలు కూడా కాలేదు. రాలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చూసి చెబుతాను" అంది.

నడవా పొడుగునా నడిచింది. కంప్యూటర్ గది దగ్గర ఆగలేదు. ఎడమకు తిరిగి, రెండు మెట్లు దిగి, ల్యాబు తలుపు తోసింది. తేలికచెయ్యి యంత్రం ముందు నిలబడి, చేతొడుగులు వేసుకున్న చేతులతో గాజు గొట్టాలను వరుసలో పెడుతోంది. వెనక్కి తిరగలేదు. వచ్చింది ఎవరో అడుగుల చప్పుడుకే తెలిసినట్టుంది.

"దర్జీ పొటాషియం అమ్మాయ్. ఇక్కడ చూడొచ్చా?"

తేలికచెయ్యి బల్లకింద ఉన్న ఎత్తుపీటను కాలితో ఇవతలికి నెట్టింది. రిజిస్టరమ్మ దానిమీద కూర్చుని తెరవైపు చూసింది. అక్కడ కూడా ఫైలు లేదు.

"యంత్రంలో ఉంది" అంది తేలికచెయ్యి. "ఇంకో మూడు నిమిషాలు."

గొట్టాలు ఒక్కొక్కటే తిరిగి సూది కిందికి వెళ్ళాయి. అంకె తెరమీద పడింది. తేలికచెయ్యి దాన్ని ఒకసారి చదివి, నమూనా చీటీతో పోల్చి, ఇంకోసారి చదివి, టిక్కు పెట్టి మీట నొక్కింది. రిజిస్టరమ్మ జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి ఆ అంకెను నీలం సిరాతో రాసుకుంది. రాసినదాన్ని తెరతో సరిచూసుకుని లేచి, పరుగు కాని నడకతో, వార్డువైపు వెళ్ళింది.